లూపస్ స్త్రీలకే ఎందుకు ఎక్కువ?

లూపస్ బారిన పడే ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి ఇది. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, గుండె, మెదడు... దేనికైనా హాని కలగవచ్చు. స్త్రీపురుషుల మధ్య ఈ తేడా సంతానం కలిగే వయసులో ఎక్కువ. బాల్యంలోనూ, ముట్లుడిగిన తర్వాతా తక్కువ. అందుకే శాస్త్రవేత్తల దృష్టి మొదట సెక్స్ హార్మోన్ల మీద పడింది.

హార్మోన్ల పాత్ర

యాంటీబాడీలను తయారుచేసేవి బి-కణాలు. వాటిలో సొంత శరీరంపై గురిపెట్టేవీ పుడుతుంటాయి. శరీరం వాటిని ఏరి తొలగిస్తుంది. ఈస్ట్రోజెన్ ఎక్కువైనప్పుడు అలాంటి కణాలు ఈ వడపోతను తప్పించుకుంటాయని ఎలుకలపై జరిపిన ప్రయోగాల్లో తేలింది. టెస్టోస్టిరాన్ తీరు వేరు. బి-కణాలను బతికించే ‘బాఫ్’ అనే ప్రోటీన్‌ను అది అదుపులో ఉంచుతుందని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెల్లడించారు.

రెండో ఎక్స్ క్రోమోజోమ్

అయితే కారణం హార్మోన్లు మాత్రమే కాదు. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉన్న పురుషుల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది. వారికి లూపస్ ముప్పు మిగతా పురుషుల కంటే సుమారు 14 రెట్లు ఎక్కువ. వారిలో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉండే మాట నిజమే అయినా, అదనపు ఎక్స్ పాత్రనూ కాదనలేం.

వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదే ఉంది. స్త్రీల కణాల్లో ఉండే రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రాణంగా ఉంటుంది. కానీ కొన్ని రోగనిరోధక కణాల్లో ఈ జన్యువు రెండింటి మీదా పనిచేస్తూనే ఉంటుంది. టీఎల్‌ఆర్7 మేల్కొంటే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతం వెలువడుతుంది. ఈస్ట్రోజెన్ ఆ సంకేతాన్ని మరింత పెంచుతుంది. అంటే హార్మోన్, క్రోమోజోమ్ రెండూ ఒకే మీటను నొక్కుతున్నాయి. ఈ జన్యువులో ఒక్క మార్పు చాలు, లూపస్ రావడానికి అని 2022లో ఒక బాలికలోనూ, ఎలుకల్లోనూ రుజువైంది.

చికిత్సకు దారి

ఈ అవగాహన మందులుగా మారింది. బాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్‌కు 2011లో, ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని ఆపే అనిఫ్రోలుమాబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి లభించింది.

ఏ మందైనా వ్యాధిని త్వరగా గుర్తిస్తేనే ఎక్కువ మేలు చేస్తుంది. యువతుల్లో వారాల తరబడి కీళ్లనొప్పులు, విడవని నీరసం, ఎండ తగిలితే పెరిగే బుగ్గల మీది ఎర్రటి దద్దుర్లు కనిపిస్తే ‘రక్తం తక్కువైంది’ అని సరిపెట్టుకోకూడదు. మూత్రపిండాలు నొప్పి తెలియకుండానే దెబ్బతినవచ్చు. ఏఎన్ఏ రక్తపరీక్ష, సాధారణ మూత్రపరీక్ష వైద్యులకు తొలి ఆధారాలు. పురుషుల్లో అరుదు కాబట్టి అక్కడ అనుమానించడమే ఆలస్యమవుతుంది. పదిమందిలో ఆ ఒక్కరినీ మరవకూడదు.