అపరాధము – నేరము – దోషము

తప్పును గూర్చి పలుకునపుడు తెలుగువారు నాలుగైదు మాటలను ఒకదాని చోట మరియొకదానిని వాడుచుందురు. వాని బరువు ఒక్కటి కాదు. అపరాధమను సంస్కృతపదమునకు మూలార్థము గురి తప్పుట; బాణము లక్ష్యమును తాకని విలుకానికి ఆ ధాతువు నుండియే పేరు వచ్చినది. దోషమనగా చెడుట. నేరము అచ్చ తెలుగు మాట; 'నేరక చేసితిని' అనుటలోని ఎరుగమి దాని ప్రక్కనే వినబడును. నేడు నేరము పోలీసుఠాణాకు, దోషి న్యాయస్థానపు తీర్పునకు, అపరాధము పన్ను రసీదులోని రుసుమునకు చేరినవి. పూజాంతమున చెప్పు అపరాధక్షమాపణమందే ఆ మాట పాత బరువుతో నిలిచినది.

ఈ భేదమును తెలిసికొనుటకు గోదావరి తీరమున పుట్టిన మహనీయుని చరిత్రయే చాలును. శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు 12వ శతాబ్దివారు. ద్రాక్షారామమున జన్మించి కోటిపల్లి ఆరాధ్యుల వలన దీక్ష పొందిరని సంప్రదాయము. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము చెప్పు కథ ఇది: చందవోలు రాజసభలో వారు బౌద్ధాచార్యునితో వాదించి గెలిచిరి. పిమ్మట శిష్యులు ఆ బౌద్ధుని చంపిరి. వెలనాటి ప్రభువు పండితుల కన్నులు తీయించెను.

చంపిన చేతులు శిష్యులవి గనుక నేరము వారిది. దోషిగా నిలిచినవారు గురువులు. రాజదండనకు ఈ రెంటి భేదము పట్టలేదు. మరి గురువుల అపరాధమేమైన కలదా? వాదమునకు గురి సత్యనిర్ణయము. అది ప్రాణహరణమున ముగిసినపుడు బాణము ప్రక్కకు పోయినట్లే. శిష్యులకు అంతటి కోపము ఎచటినుండి వచ్చెనను ప్రశ్న గురుపీఠమును తాకక మానదు. బసవేశ్వరుని ప్రసిద్ధ వచనమొకటి హత్యను, కోపమును, పరనిందను ఒకే వరుసలో వలదని, వానిని విడుచుటయే లోపలి శుద్ధి, వెలుపలి శుద్ధి యని చెప్పినది.

'అపరాధభావము' ఈ కాలపు కూర్పు. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవానికి ఉన్నది అది కాదు; పట్టుబడుదునను భయము. పశ్చాత్తాపము వేరు. ఎవరును చూడకున్నను అది లోపల కాల్చును.

పోయిన కన్నులు శివానుగ్రహమున తిరిగి వచ్చిన ఘట్టమును భక్తులు పలుమారు చెప్పుకొందురు. చనిపోయిన బౌద్ధుని ప్రస్తావన అంతగా వినరాదు. తెలుగున పాపమను మాటకు మరియొక వాడుక కలదు. దెబ్బ తిన్నవానిని చూచి పల్లెలోని ముసలమ్మ 'అయ్యో పాపము' అనును. అచట పాపము చేసినవాడెవడని ఆమె అడుగదు.