గోడ అవతలి కంప్యూటర్‌తో మాట్లాడే సర్వీసులు

రెండో కంప్యూటర్ కొనే స్తోమత లేని మనలాంటి వారికి వర్చువల్ మెషీన్ ఒక వరం. ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో సృష్టించి లినక్స్, సర్వర్ పనులు నేర్చుకోవచ్చు. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అని, దానిలో నడిచే వర్చువల్ మెషీన్‌ను గెస్ట్ అని అంటాం.

ఈ రెండింటి మధ్య గోడ ఉంటుంది. గెస్ట్‌లో ప్రయోగాలు చేసి విండోస్‌ను పాడుచేసినా హోస్ట్‌లోని ప్రాజెక్టు రికార్డులు భద్రంగా ఉంటాయి. మరి అవసరమైన కబురు గోడ దాటేదెలా? అందుకోసమే గెస్ట్‌లో తెర మీద కనిపించకుండా నడిచే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు ఉన్నాయి.

మైక్రోసాఫ్ట్ వారి హైపర్-విని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో హోస్ట్, గెస్ట్‌ల మధ్య వీఎంబస్ అనే దారి ఉంటుంది. ఇది మెమరీలోనే నడుస్తుంది కనుక గెస్ట్‌కు నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ దారిని వాడుకునే సర్వీసుల్లో ఆరు ఇవి.

1. హార్ట్‌బీట్: మన హాస్టల్‌లో రాత్రి హాజరు లాంటిది. గెస్ట్ పలుకుతోందా లేదా అన్నది హోస్ట్‌కు తెలుస్తుంది.

2. షట్‌డౌన్: హోస్ట్ చెప్పగానే గెస్ట్ పద్ధతిగా ఆగిపోతుంది. 'టర్న్ ఆఫ్' నొక్కితే మాత్రం కరెంటు పోయినట్లే. సేవ్ చేయని పని పోతుంది.

3. టైం సింక్రనైజేషన్: సేవ్ చేసి ఆపిన గెస్ట్‌ను వారం తర్వాత తెరిస్తే దాని గడియారం వెనకబడి ఉంటుంది. దాన్ని ఇది సరిచేస్తుంది. టైం బాగా తప్పితే భద్రమైన వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు.

4. డేటా ఎక్స్ఛేంజ్: గెస్ట్ పేరు, ఐపీ అడ్రసు వంటి వివరాలు హోస్ట్‌కు చేరవేస్తుంది.

5. బ్యాకప్: గెస్ట్ నడుస్తుండగానే దాని ఫైళ్లు సరైన స్థితిలో కాపీ అయ్యేలా చూస్తుంది.

6. గెస్ట్ సర్వీసెస్: హోస్ట్ నుంచి ఫైళ్లను గెస్ట్‌లోకి పంపుతుంది. ఇదొక్కటే మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లో ఉంటుంది.

విండోస్ హోమ్ ఎడిషన్‌లో హైపర్-వి ఉండదు. అలాంటి వారు వర్చువల్‌బాక్స్ వేసుకోవచ్చు. అందులో ఇలాంటి పనులు గెస్ట్ అడిషన్స్ చేస్తాయి. వీఎంవేర్‌లో అయితే వీఎంవేర్ టూల్స్ ఉంటాయి.

ఇక్కడొక జాగ్రత్త. ప్రతి సర్వీసూ గోడకు పెట్టిన ఒక కిటికీ. హోస్ట్ ఫోల్డర్‌ను రాసే అనుమతితో గెస్ట్‌కు షేర్ చేస్తే, గెస్ట్‌కు సోకిన వైరస్ ఆ ఫైళ్లను కూడా చెడగొట్టగలదు. ల్యాబ్ కంప్యూటర్‌లో అవి మన ఒక్కరివే కావు, తోటివారి ఏడాది కష్టం కూడా. కనుక ఫోల్డర్‌ను రీడ్ ఓన్లీగా ఇద్దాం. క్లిప్‌బోర్డు షేరింగ్‌ను పని ఉన్నంతసేపే ఆన్‌లో ఉంచుదాం.

ఇవి చదివితే సగమే వస్తాయి, చేసి చూస్తేనే పూర్తిగా వస్తాయి. సెలవుల్లో హాస్టల్‌కు వచ్చే పూర్వ విద్యార్థులు ఒక పూట తమ్ముళ్ల పక్కన కూర్చుని చేయించాలని కోరుతున్నాం.