లినక్స్: స్వేచ్ఛ, బాధ్యత

అద్దె ఇంట్లో కప్పు కారితే ఇంటాయనకు కబురు పెడతాం. సొంత ఇంట్లో కారితే నిచ్చెన మనమే వేసుకోవాలి. కంప్యూటరు విషయంలో లినక్స్ అటువంటి సొంత ఇల్లు. ఆ సుఖమూ, ఆ నిచ్చెనా రెండూ రెండేళ్ళుగా అనుభవిస్తున్నవాణ్ణి గనుక తోటి విద్యార్థులతో నాలుగు మాటలు పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర. 1991లో ఫిన్లండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రవాడు తన 386 కంప్యూటరు కోసం ఒక కెర్నెల్ రాయటం మొదలుపెట్టాడు. యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పనులు పంచిపెట్టేదే కెర్నెల్. ఆ ఆగస్టు 25న దాన్ని గురించి నలుగురికీ తెలియజేస్తూ, ఇది సరదాకి చేస్తున్న పనేనని రాశాడు. అప్పటికే రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు తక్కిన పనిముట్లు చాలావరకు సిద్ధం చేసి ఉంచింది. 1992లో లైనస్ తన కెర్నెల్‌ను గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. దీని ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి రాత చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అయితే మార్చి పంచేవాడు తన రాతను కూడా అదే షరతు మీద ఇవ్వాలి. 1993లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ ఈ సరంజామానంతా ఒకచోట కూర్చి డెబియన్ మొదలుపెట్టాడు. గమనించారా? ఇద్దరూ మనలాంటి విద్యార్థులే! ఈనాడు ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి.

ఇక మా సంగతి. మేం నలుగురం అద్దెకున్న గదిలో 4 జీబీ మెమొరీ ఉన్న పాత ల్యాప్‌టాపు ఒకటి ఉండేది. విండోస్ 10కు ఉచితంగా అందే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయన్నారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలన్నారు. అది మా యంత్రంలో లేదు. పాత సామాన్ల వాడికి వేసేద్దాం అనుకుంటుండగా లినక్స్ గుర్తుకొచ్చింది.

పద్ధతి కష్టమేమీ కాదు. డెబియన్ లైవ్ ప్రతిని ఒక పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి, కంప్యూటరును దానినుంచే మొదలుపెట్టాలి. డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ నడుస్తుంది. వైఫై, శబ్దం, తెర వెలుగు అన్నీ సరిగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి. తృప్తి కలిగాక, మన ఫైళ్ళన్నీ వేరేచోట దాచుకుని, అప్పుడు స్థాపించాలి. ఏ డిస్కు చెరుపుతున్నామో పేరూ, పరిమాణమూ రెండుసార్లు చదవాలి. మేం ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాపు ఎంచుకుని, తిరిగే పాత డిస్కు తీసేసి ఎస్సెస్‌డీ పెట్టాం. యంత్రానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. లోహిత్ ఖతి, ఐబస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుంటే తెలుగు హాయిగా రాసుకోవచ్చు. ఈ వ్యాసం అలా రాసిందే.

అన్నీ సుఖాలేనా అంటే కాదు. కొన్ని ఆటలు ఆడవు. ఫొటోషాప్ రాదు. లిబ్రె ఆఫీసులో వర్డ్ ఫైళ్ళు తెరుచుకుంటాయి గానీ పట్టికలు ఒక్కోసారి పక్కకు జరుగుతాయి. అందుచేత లెక్చరరు గారికి ఇచ్చేది పీడీఎఫ్‌గా ఇవ్వటం మంచిది.

ఆ ఉత్సాహంతో మూలన పడి ఉన్న ఒక డెస్క్‌టాపును సర్వరు చేశాం. సర్వరంటే ఏసీ గదిలో ఉండే బీరువా అనుకోనక్కర్లేదు. అడిగినవాళ్ళకు అడిగింది వడ్డించే కంప్యూటరే సర్వరు. దానికి తెరా అక్కర్లేదు, కీబోర్డూ అక్కర్లేదు. ఎస్సెస్‌హెచ్ ద్వారా మన ల్యాప్‌టాపు నుంచే ఆజ్ఞలిస్తాం. సాంబా ద్వారా గదిలో అందరూ ఫైళ్ళు పంచుకుంటాం. అది 40 వాట్లు తింటే నెలకు సుమారు 29 యూనిట్లు. పాత ల్యాప్‌టాపయితే 15 వాట్లతో 11 యూనిట్లలో తేలిపోతుంది. కరెంటు పోయినా దాని బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. సర్వరు తలుపు మాత్రం నేరుగా ఇంటర్నెట్టుకు తెరవొద్దు. బయటినుంచి అవసరమైతే వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గం వేసుకోవాలి.

అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు చెబుతాను. సర్వరులో రెండు డిస్కులు పెట్టి, రెయిడ్-1 పద్ధతిలో ఒకదానికి ఒకటి అద్దంలా కట్టాను. మా గదిలో ఎం.ఏ. తెలుగు చదివే మిత్రుడు మగ్గం పదాల మీద పరిశోధన చేస్తూ ఊళ్ళు తిరిగి నేతపనివాళ్ళ మాటలు రికార్డు చేసుకొచ్చాడు. మొత్తం 31 రికార్డింగులు. "రెండు డిస్కులున్నాయిరా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది, నిశ్చింతగా ఉండు" అని నేనే చెప్పాను. రోజూ రాత్రి 11 గంటలకు అతని ల్యాప్‌టాపులోని ఫైళ్ళు ఆర్‌సింక్ ద్వారా సర్వరుకు చేరేట్టు ఏర్పాటు చేశాను. రెండుచోట్లా ఒకేలా ఉండాలని, ల్యాప్‌టాపులో లేనిది సర్వరులోనూ చెరిపెయ్యమనే మాట ఆ ఆజ్ఞలో చేర్చాను. అది పొందికగా ఉందని మురిసిపోయాను కూడా.

ఒకనాడు ల్యాప్‌టాపు నిండిపోయింది. సర్వరులో ఉన్నాయి గదా అని అతను అక్కడ రికార్డింగులు చెరిపేశాడు. ఆ రాత్రి 11 గంటలకు సర్వరు నా ఆజ్ఞ తు.చ. తప్పకుండా పాటించింది. అద్దం కూడా తన పని తాను చేసింది: రెండు డిస్కుల్లోనూ ఒక్కసారే పోయాయి. యంత్రం పొరపాటు రవ్వంత లేదు. నేను చెప్పిందే చేసింది.

తెల్లవారి సంగతి తెలియగానే, పోయినవాటి మీద కొత్తవి పడకుండా సర్వరు ఆపేశాం. ఫొటోరెక్ అనే ప్రోగ్రాముతో వెతికితే 19 దొరికాయి, అవీ పేర్లు లేకుండా. అతను రెండు రాత్రులు కూర్చుని గొంతులు విని ఎవరిదెవరిదో గుర్తుపట్టాడు. పోయినవాళ్ళలో కొందరి దగ్గరికి మళ్ళీ వెళ్ళి రికార్డు చేసుకొచ్చాడు. ఒక పెద్దాయన మాత్రం ఆలోగా కాలం చేశారు. ఆయన గొంతు ఆ 19లో లేదు. మిత్రుడు నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అప్పటినుంచి మా గదిలో మూడు నియమాలు. ఒకటి: రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు. రెయిడ్ డిస్కు చెడితే కాపాడుతుంది గానీ మన తప్పు నుంచి కాపాడదు. రెండు: ముఖ్యమైనది ఏదైనా మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మా మూడో ప్రతి మా ఇంట్లో అమ్మ బీరువాలో ఉంది. పాత తేదీల ప్రతులు కూడా కొన్నాళ్ళు ఉంచుతాం. నిన్న చెరిపింది మొన్నటి ప్రతిలో దొరకాలి గదా. మూడు: ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

లినక్స్ మానేద్దామా అని అప్పుడు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చివరిదాకా చదివి తెలుసుకోగలిగాను. యంత్రం నా దగ్గర ఏదీ దాచలేదు. చదువుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? మిత్రులారా, మీరూ ఒక పాత కంప్యూటరు మీద లినక్స్ పెట్టి చూడండి. పాడు చేయండి, బాగు చేయండి, నేర్చుకోండి. ఇంకొకరి ఫైళ్ళు మీ చేతికి తీసుకునే రోజున మాత్రం, ముందు మూడో ప్రతి ఎక్కడుందో చూసుకోండి.