ఇయర్‌ఫోన్ కొనేముందు మన చెవుల సంగతి



ఒకప్పుడు వాక్‌మన్, తరువాత ఎంపీ3 ప్లేయర్, ఇప్పుడు సెల్‌ఫోన్. పాటలు వినే పరికరం మారింది గాని ఇయర్‌ఫోన్ పోలేదు. గోదావరిఖనిలో బస్సు కోసం నిలబడిన వారిని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. అయితే మన బొగ్గు ప్రాంతంలో దీనిని కొనేటప్పుడు రంగు, ధరల కంటే ముందు చూడవలసినది ఒకటుంది. మన ఇళ్లలో చాలామంది చెవులు డ్యూటీలోనే అలసిపోయి వస్తున్నాయి.

చెవికి ఏమి జరుగుతుంది?

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. పెద్ద మోతకు ఇవి చనిపోతాయి. చనిపోయినవి మళ్లీ పుట్టవు, ఏ మందూ వాటిని తిరిగి తేలేదు.

గనుల్లో 85 డెసిబెల్స్ మోతను హెచ్చరిక పరిమితిగా, 90ని ప్రమాద పరిమితిగా గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లోనే సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే, 100 అయితే అరగంట కూడా కాదు. చాలా ఫోన్లు పూర్తి వాల్యూమ్‌లో 100 దాటగలవు. డంపర్లు, డ్రిల్లుల దగ్గర పనిచేసేవారు తమ వంతు మోతను షిఫ్టులోనే విని వస్తారు. కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే స్పష్టంగా వినిపించే ఇయర్‌ఫోన్ మనకు మంచిది.

ఎలా ఎంచుకోవాలి?

1. చెవిలో సరిగ్గా కూర్చోవాలి. పెట్టెలో ఇచ్చే చిన్న, మధ్య, పెద్ద రబ్బరు టిప్పులను మార్చి చూడండి. వదులుగా ఉంటే బయటి మోత లోపలికి వస్తుంది, దానిని మించాలని మనం వాల్యూమ్ పెంచుతాము.

2. పెట్టెపై 16 నుండి 32 ఓమ్స్ అని ఉంటే ఫోన్‌కు, చిన్న ప్లేయర్‌కు సరిపోతుంది. స్టూడియోలో వాడే 250 ఓమ్స్ రకం వీటిపై మెల్లగా వినబడుతుంది.

3. మీ ఫోన్‌కు గుండ్రటి పిన్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి. చాలా కొత్త ఫోన్లకు లేదు.

4. దుకాణంలోనే మీ ఫోన్‌కు పెట్టి, సగం వాల్యూమ్‌లో వినండి. పాటలోని మాటలు తెలియకపోతే కొనవద్దు.

ఎలా వాడాలి?

వాల్యూమ్ 60 శాతం దాటనీయకండి. గంటకొకసారి చెవులకు విశ్రాంతినివ్వండి. రోడ్డుపైన, రైలు పట్టాల దగ్గర ఇయర్‌ఫోన్ తీసివేయండి. చీము కారే చెవిలో పెట్టవద్దు, ఒకరిది మరొకరు వాడవద్దు. ముఖ్యంగా, పాటల ఇయర్‌ఫోన్ డ్యూటీలో చెవికి రక్షణ కాదు. అక్కడ మోతను ఆపే ఇయర్‌ప్లగ్గులు లేదా ఇయర్‌మఫ్‌లే వాడాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

చెవిలో గుయ్‌మని మోగుతున్నా, పిల్లల సన్నని గొంతు అర్థం కాకపోయినా, టీవీ శబ్దం ఎక్కువైందని ఇంట్లోవారు అంటున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి. డ్యూటీ దిగిన వెంటనే కాక, ఒక రోజు విశ్రాంతి తరువాత రండి. అప్పుడే ఫలితం సరిగా తెలుస్తుంది. చెవి హఠాత్తుగా వినబడకపోతే మాత్రం ఆగవద్దు, ఆ రోజే రండి.

ఇంటికి వచ్చిన నాన్నకు బిడ్డ మాట వినబడాలి. ఈసారి ఇయర్‌ఫోన్ కొనేటప్పుడు దీనిని గుర్తుంచుకోండి.