డ్రైవర్ సీటు వేడెక్కడం లేదు

ప్రశ్న: మేం టొరంటోలో ఉంటాం. కారులో డ్రైవర్ సీటు వేడెక్కడం మానేసింది. బటన్ లైటు వెలిగి వెంటనే ఆరిపోతోంది. ఫ్యూజు బాగానే ఉంది, పక్క సీటుకి ఏ ఇబ్బందీ లేదు. సీటు మొత్తం మార్చాలంటున్నారు.

జవాబు: తొందరపడకండి. లైటు వెలిగి ఆరుతోందంటే, చాలా కార్లలో, లోపాన్ని కంట్రోలర్ పసిగట్టిందనే అర్థం. వెనక పిల్లల బెల్టు సర్దడానికి డ్రైవర్ సీటు మీద మోకాలు ఆనిస్తుంటారా? బరువంతా ఒక్కచోట పడి మెత్త లోపలి హీటింగ్ తీగ తెగేది అలాగే.

ముందు సీటు కింద చూడండి. బూట్లకి అంటుకొచ్చిన ఉప్పునీళ్లకి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు. పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి పోవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టండి.

హీటర్ కనెక్టర్ ఊడదీసి, తీగ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టండి. మామూలుగా కొద్ది ఓమ్స్ చూపించాలి. ‘ఓఎల్’ అని వస్తే తీగ తెగినట్టే. తీగ బాగుంటే వేడిని కొలిచే థర్మిస్టర్‌ని అనుమానించాలి. దాని కొలత కొద్ది ఓమ్స్ కాదు, సాధారణంగా వేల ఓమ్స్‌లో ఉంటుంది. పక్క సీటుతో పోల్చి చూసుకోండి.

తెగినచోట మెలిపెట్టి టేపు చుట్టే పని మాత్రం వద్దు. వదులు అతుకు దగ్గరే వేడి పోగై సీటు కాలుతుంది. కవరు విప్పించి హీటర్ ప్యాడ్ ఒక్కటే మార్పించండి. ఈలోగా కమురు వాసన వస్తే సీటు హీటర్ ఫ్యూజు పీకేయండి.