వారానికి ఒక పొట్లం

చంద్రగిరి దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక అత్తా కోడలూ ఉన్నారు. అత్తకు ఏడాదిగా నడుము నొప్పి, కాళ్ల నొప్పులు. కూర్చుంటే లేవలేదు. తిరుపతిలో డాక్టరుకు చూపించారు. రక్తం పరీక్ష చేశారు. "విటమిన్ డి బాగా తక్కువగా ఉంది" అన్నారు డాక్టరు. పొడి పొట్లాలు రాసిచ్చారు.

మరుసటి రోజు అత్త రెండో పొట్లం పాలలో కలపబోయింది. కోడలు చూసింది.

"ఏమత్తా, నిన్ననే ఒకటి తాగితివి కదా?"

"రోజూ తాగితే నొప్పి బిరీన పోతాది కదమ్మా."

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. చీటీ తెచ్చింది. మందుల షాపాయన తెలుగులో రాసి ఉన్నాడు. కూడబలుక్కుని చదివింది.

"వారానికి ఒకటి. 8 వారాలు."

"అత్తా! ఇది రోజూ తాగేది కాదు" అంది. పొట్లం తీసి డబ్బాలో పెట్టింది.

ఆమె చేసింది మంచి పని. ఎందుకో చూద్దాం.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఎండ తగిలితే అది మన చర్మంలోనే తయారవుతుంది. మరి మన సీమలో ఎండకు కరువా? తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో పరీక్షలు చేశారు. ఆ వివరాలు 2004లో, ఆ తరువాత అచ్చయ్యాయి. పొలం పని చేసేవారిలో కూడా చాలామందికి విటమిన్ డి చాలలేదు. పట్నం వారికి ఇంకా తక్కువ. తిండిలో కాల్షియం కూడా తక్కువే. అందుకే డాక్టర్లు మందు ఇస్తారు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ డి సుమారు 600 యూనిట్లు. ఒక పొట్లంలో ఉండేది 60,000 యూనిట్లు. అంటే ఒక్క పొట్లం 100 రోజుల సరుకు!

ఎక్కువైన విటమిన్ డి మూత్రంలో పోదు. ఒంట్లో కొవ్వులో నిలవ ఉంటుంది. రోజూ ఒకటి చొప్పున వారాల తరబడి తాగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. అప్పుడు వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం వస్తాయి. మనిషి తికమక పడతాడు. మూత్రపిండాలు చెడిపోవచ్చు.

ఇంకొక సంగతి. మెడలో థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంతటి గ్రంథులు నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా అవి చూస్తాయి. థైరాయిడ్ ఆపరేషన్ తరువాత కొందరికి అవి పని చేయవు. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతులు కొంకర్లు పోతాయి. వారికి కాల్సిట్రయాల్ అనే మందు, కాల్షియం మాత్రలు ఇస్తారు. వాటిని డాక్టరు చెప్పినట్లు రోజూ వేసుకోవాలి. సొంతంగా మానకూడదు. ఆ మందు వేరు, ఈ పొట్లం వేరు. ఒకదాని బదులు ఒకటి వాడకూడదు.

గుర్తు పెట్టుకోండి:

1. రోజుకా, వారానికా, నెలకా? అడిగి తెలుగులో రాయించుకోండి.
2. చెప్పిన వారాలు అయ్యాక సొంతంగా మళ్లీ కొనకండి.
3. పొట్లాలు వాడుతూ వేరే చోట విటమిన్ డి సూది వేయించుకోకండి.
4. మూత్రపిండాల్లో రాళ్లు ఉంటే ముందే చెప్పండి.
5. ఇరుగుపొరుగు మందు మీరు వాడకండి. మీది వారికి ఇవ్వకండి.
6. పైన చెప్పిన బాధలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి.
7. రాగి సంగటి, పాలు, పెరుగు, నువ్వులు తినండి. వీటిలో కాల్షియం ఉంది.

కోడలు క్యాలెండరులో ఎనిమిది ఆదివారాలకు సున్నా చుట్టింది. పొట్లం తాగిన వారం అత్తే అడ్డగీత కొడుతుంది.

"అక్షరం రాకపోయినా గీత కొట్టేది వచ్చెనే" అంది అత్త.

"రేపటి నుంచి అక్షరం కూడా నేర్పిస్తాలే అత్తా" అంది కోడలు.

చెప్పండి:
అత్త రెండో పొట్లం ఎందుకు తాగకూడదు?
మీ ఇంట్లో ఉన్న మందు చీటీ చదవండి. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో రాయండి.