విరిగిన ఫైబర్ గ్లాస్ కర్రని అతికించడం: ఎక్కడ విరిగితే అతుకు నిలుస్తుంది, ఎక్కడ నిలవదు



పైన వీడియోలో నా చేతిలో ఉన్న పసుపు రంగు కర్రని చూశారు కదా. అది వ్యవసాయం కోసం చేసింది కాదండి. పట్నాల్లో అపార్టుమెంట్ల కిటికీ అద్దాలు కింద నుంచే కడగడానికి వాడే కర్ర. మూడు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి జారతాయి, పూర్తిగా లాగితే ఐదు మీటర్లు దాటుతుంది. చివర బ్రష్షు, పక్కన నీళ్ళ పైపు. మా సోలార్ పంపుసెట్టు ప్లేట్ల మీద దుమ్ము కడగడానికి కొన్నాను. రెండేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో ఏడు మామిడి కోతకి దాని చివర చిక్కం కట్టాను. మూడో రోజుకే విరిగింది.

తప్పు కర్రది కాదు, నాది. బ్రష్షు బరువు తక్కువ, పైగా కడిగేటప్పుడు అది ప్లేటు మీదే ఆనుకుని ఉంటుంది. చిక్కం అలా కాదు, కాయలతో గాల్లో వేలాడుతుంది. ఐదు మీటర్ల చివర రెండు కిలోల కాయలు వేలాడితే, మనం పట్టుకున్న చోట పడే వంపు ఒక మీటరు దూరంలో పది కిలోలు కట్టి ఎత్తినంత ఉంటుంది. దానికి తోడు కాయ తెగకపోతే కర్రని గుంజుతాం, మెలి తిప్పుతాం. రెండో గొట్టం, క్లాంపుకి జానెడు పైన, ఫట్‌మని విరిగింది. పూర్తిగా తెగలేదు. ఒక పక్క పీచుతో వేలాడుతూ ఉంది.

అతుకు వేసే ముందు ఆ పీచు ఏంటో తెలుసుకోవాలి. ఫైబర్ గ్లాస్ అంటే నిజంగానే గాజు. వెంట్రుక కన్నా సన్నగా లాగిన గాజు దారాలు. వాటిని జిగురులో తడిపి గొట్టంగా గట్టిపరుస్తారు. బరువు మోసేది గాజు దారం. జిగురు పని ఆ దారాలని కదలకుండా పట్టి ఉంచడమే. కర్ర పొడవునా సాగే దారాలు వంపుని ఆపుతాయి, చుట్టూ తిరిగే దారాలు గొట్టం నిలువునా చీలకుండా ఆపుతాయి. కర్ర విరిగిందంటే పొడవు దారాలు తెగాయి. తెగిన అంచులకి జిగురు రాసి ఒకదానికొకటి ఆనించి పెడితే ఏమవుతుంది? దారం లేకుండా జిగురు ఒక్కటే మిగులుతుంది. మోకు తెగితే రెండు కొసలకీ బంక రాసి అంటిస్తామా? మూర పొడవునా పురులు విప్పి, ఒకదాంట్లో ఒకటి కలిపి పేనుతాం. ఇక్కడా అదే లెక్క. తెగిన చోటుకి అటు ఇటు జానెడు జానెడు మేర కొత్త దారం పాత దారాన్ని పట్టుకోవాలి.

మొదటిసారి నేను ఇది చేయలేదు. చేతికి దొరికిన జీఐ పైపు ముక్క లోపల దూర్చి, ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు పూసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టేశాను. చూడ్డానికి గట్టిగానే ఉంది. ఆ సాయంత్రం గట్టు మీది చెట్టు దగ్గర కాయలు కోస్తుంటే అటుగా వచ్చిన లైన్‌మన్ గట్టిగా కేకేశాడు. గట్టు వెంట 11 కేవీ లైను పోతుంది. "ఫైబర్ కర్రే కదన్నా, కరెంటు పారదుగా" అన్నాను. ఆయన కర్ర తీసుకుని, పగులు దగ్గర పట్టి ఊపాడు. లోపల నుంచి నీళ్ళు కారాయి. పొద్దున ప్లేట్లు కడిగిన నీళ్ళు!

ఆ రోజు ఆయన చెప్పింది మీకూ చెప్తున్నా, ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫైబర్ గ్లాస్ కరెంటుకి అడ్డు అనే మాట పొడిగా, శుభ్రంగా, పగుళ్ళు లేకుండా ఉన్న కర్రకే. పగులిస్తే గొట్టం లోపలికి తేమ చేరుతుంది, దుమ్ము చేరుతుంది. అవి కరెంటుకి దారి ఇస్తాయి. మధ్యలో ఇనప ముక్క దూరిస్తే అంతమేర అడ్డు పోయినట్టే. నీళ్ళ పైపు కట్టిన కర్ర అయితే ఇంకా చెప్పక్కర్లేదు. కొన్ని కర్రలు చూడ్డానికి ఇలాగే ఉంటాయి కానీ అవి కార్బన్ ఫైబర్‌వి, వాటిలో కరెంటు బాగా పారుతుంది. కాబట్టి అతికించిన కర్రని ఎంత బాగా అతికించినా సరే, కరెంటు తీగ దగ్గరికి తీసుకెళ్ళొద్దు. కర్ర చేయి జారి తీగ వైపు పడితే తగిలేంత దూరంలో మీరు ఉన్నారంటే, అక్కడ ఆ కర్ర ఎత్తొద్దు. కొత్త కర్ర అయినా అంతే.

ఇక విరిగిన చోటు సంగతి. అన్ని విరుగుళ్ళూ ఒకటి కాదు. క్లాంపు పక్కనే, గొట్టం కొస దగ్గర నలిగి పగిలితే అతికించే శ్రమే వద్దు. సన్న పళ్ళ హాక్సా బ్లేడుతో నలిగిన మేర కోసేసి, అంచు నున్నగా రుద్ది, క్లాంపు మళ్ళీ బిగించుకోండి. పది సెంటీమీటర్లు పొట్టిదవుతుంది, అంతే. క్లాంపుని అతిగా బిగిస్తే కర్రలు ఇక్కడే పోతాయి. నిలువునా సన్నగా చీలితే చుట్టూ గుడ్డ చుట్టడంతో సరిపోతుంది. పై చివరి గొట్టం విరిగితే అతుకు బాగా నిలుస్తుంది, అక్కడ పడే వంపు తక్కువ. మధ్య గొట్టం అయితే లోపల తొడుగు, పైన గుడ్డ, రెండూ కావాలి. చేత్తో పట్టుకునే మొదటి గొట్టం నడిమికి విరిగితే మాత్రం ఆశ వదులుకోండి. బరువంతా అక్కడే పడుతుంది. దాన్ని ముక్కలు చేసి తొడుగులకి దాచుకోండి.

పైకి కనిపించే పగులు కన్నా లోపలి దెబ్బ ఎక్కువ దూరం పోయి ఉంటుంది. రూపాయి బిళ్ళతో కర్ర పొడవునా తట్టుకుంటూ రండి. బాగున్న చోట టక్ టక్ మని కరుకుగా మోగుతుంది, పొరలు విడిన చోట బోలుగా, మందంగా వినిపిస్తుంది. వీడియోలో ఈ శబ్దం విడిగా పెట్టాను, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. తెల్లగా పాలిపోయిన చోటు కూడా దెబ్బతిన్నదే. ఈ మేరంతా గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి అటు ఇటు కొలవాలి.

తొడుగు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. అదే కర్రలో మూడో గొట్టం రెండో దాంట్లో సరిగ్గా జారుతుంది కదా, దాని కింది కొస నుంచి 30 సెంటీమీటర్లు కోశాను. విరిగిన చోటుకి అటు 15, ఇటు 15 వస్తుంది. ఎండిన వెదురు ముక్కనో టేకు ముక్కనో చెక్కి దూర్చేవాళ్ళు ఉన్నారు. నీళ్ళలో పనిచేసే కర్రకి నాకు నచ్చలేదు, చెక్క తడిస్తే ఉబ్బి గొట్టాన్ని లోపల నుంచి చీలుస్తుంది.

తర్వాత రుద్దడం. 80 నంబరు ఉప్పు కాగితంతో తొడుగు పైభాగం, గొట్టం లోపల, గొట్టం పైన మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. అతుకులు ఊడిపోయేది ఎక్కువగా ఈ పనిలో బద్ధకించడం వల్లే. విరిగిన అంచుల దగ్గర మందాన్ని ఏటవాలుగా, నాగలి కర్రు మొనలా పలచన చేసుకుంటూ రావాలి. నీళ్ళతో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే లేచే గాజు పొడి చర్మానికి దురద, ఊపిరితిత్తులకి హాని. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పశువుల కొట్టం దగ్గర, మేత దగ్గర, కుడితి తొట్టి దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. నేను పాత పాలిథిన్ పట్టా పరిచి చేశాను. పూర్తిగా ఆరాక ఎసిటోన్‌తో తుడవండి. నిప్పుకి దూరంగా, గాలి ఆడే చోట. చేతులకి రాసుకునే శానిటైజర్‌తో తుడవొద్దు, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, జిగురు పట్టదు.

జిగురు విషయంలో రెండు మాటలు. రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ తీసుకోండి, అదీ నెమ్మదిగా గట్టిపడే రకం. కొత్త ఫైబర్ వస్తువులు చేసే పాలియెస్టర్ రెజిన్ చవకే కానీ, గట్టిపడిపోయిన పాతదాన్ని ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. గుడ్డ కూడా నేసిన గాజు గుడ్డే అడగండి. దుకాణంలో ముక్కల గాజుని అట్టలా అదిమిన మ్యాట్ ఇస్తారు. అందులోని బంక పాలియెస్టర్ రెజిన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, మడత సరిగ్గా కూర్చోదు. పాళ్ళు డబ్బా మీద రాసినట్టే కలపాలి. గట్టిపడే మందు కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందని అనుకోవద్దు, ఎపాక్సీలో అలా చేస్తే మెత్తగా మిగిలిపోతుంది. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీల్లో గ్లాసులో ఎక్కువ కలిపితే పొగలు కక్కి గ్లాసులోనే గట్టిపడుతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెం, వెడల్పు పళ్ళెంలో కలపండి. వాన ముసురులో అసలు పెట్టుకోవద్దు. చేతులకి గ్లౌజులు వేసుకోండి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడక దద్దుర్లు మొదలైతే ఆ ఎలర్జీ జీవితాంతం వదలకపోవచ్చు. అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్ పూయొద్దు.

తొడుగుకి జిగురు పూసి సగం ఒక ముక్కలోకి, సగం రెండో ముక్కలోకి మెలి తిప్పుతూ దూర్చండి. కర్రని సమంగా ఉన్న బల్ల మీద పెట్టి వంకర లేకుండా చూసుకోండి. మా మొదటి అతుకు గొడ్డలి కామలా వంకరొచ్చింది. అది గట్టిపడ్డాక పైన గుడ్డ వేయాలి. మొదటి పొర చిన్నది, రెండోది కాస్త పొడవు, అలా నాలుగు పొరలు, చివరిది తొడుగు కొసలని దాటి పోవాలి. అన్నీ ఒకేచోట ఆగితే మళ్ళీ సరిగ్గా అక్కడే విరుగుతుంది. గుడ్డ తడిసి గాజు కనపడకుండా పోయేదాకా బ్రష్షుతో అద్దండి. చివరగా ఇన్సులేషన్ టేపుని జిగట వైపు బయటికి ఉండేలా బిగించి చుట్టి, గుండుసూదితో చిల్లులు పొడవండి. ఎక్కువైన జిగురు, గాలి బుడగలు ఆ చిల్లుల్లోంచి బయటికొస్తాయి. మర్నాడు టేపు ఊడదీయండి. వారం రోజులు బరువు వేయొద్దు.

వారం తర్వాత నేను చేసిన పరీక్ష: కర్రని రెండు స్టూళ్ళ మీద పెట్టి, అతుకు సరిగ్గా మధ్యకి వచ్చేలా చూసి, ఐదు లీటర్ల నీళ్ళ బకెట్ వేలాడదీశాను. ఎంత వంగిందో కొలిచాను. స్టూళ్ళ దూరం మార్చకుండా అదే గొట్టంలో బాగున్న చోట మళ్ళీ వేలాడదీశాను. అతుకు దగ్గర వంపు కాస్త తక్కువే ఉంది. చిటపట శబ్దం రాలేదు. వస్తే కోసేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

పోయింది ఒకటుంది. పైన గుడ్డ మందం వల్ల రెండో గొట్టం ఇక మొదటిదాంట్లోకి దిగదు. కర్ర చిన్నది చేసి బండి మీద పెట్టుకునే వీలు పోయింది. మాకు షెడ్డు చూరు కింద జాగా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది, అందుకని అతుకు మీద రెండు పూతలు రంగు వేశాను. మీ పాత కర్ర పట్టుకుంటే చేతులు దురద పెడుతున్నాయంటే ఎండకి పై జిగురు పోయి గాజు ముళ్ళు తేలాయని అర్థం, దానికీ నీళ్ళతో రుద్ది రంగు వేయడమే మందు.

ఇప్పుడు ఆ కర్ర ప్లేట్లు కడగడానికే. అదీ సూర్యుడు ఎక్కకముందే, పంపు స్టార్టర్ ఆపి, తీగల జాయింట్ల మీద నీళ్ళు కొట్టకుండా. ప్లేట్ల మీద వెలుతురు పడుతుంటే పంపు ఆపినా ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. చిక్కం మళ్ళీ వెదురు దోటికే కట్టాం. గట్టు మీది చెట్టు కాయలు మాత్రం లైను ఆపించాకే కోస్తున్నాం. మిగిలిన జిగురు పూర్తిగా గట్టిపడ్డాక పళ్ళెంతో సహా చెత్త బండికి ఇచ్చాం. కంపోస్టు గుంతలో వేయలేదు, కాల్చలేదు.